ఒకే పెల్లెట్‌కు మూడు తూకాలు: మిల్లీగ్రాముల త్రాసును ఎంతవరకు నమ్మవచ్చు?

పాకాల_గురి

మా అమ్మాయి తిరుపతిలో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. పెల్లెట్లను, అంటే రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుళ్ళను, తూకం వారీగా ఏరుకుంటే గ్రూపింగ్ (లక్ష్యంపై గుండ్లు పడే గుంపు) దగ్గరగా వస్తుందని తోటి పిల్లలు చెప్పడంతో, 50 గ్రాముల వరకు తూచగలిగి 0.001 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసును ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద ఒక్కో పెల్లెట్ 0.53 గ్రాములని అచ్చు వేసి ఉంది. ఈ త్రాసు మాత్రం ఒకే పెల్లెట్‌ను మొదటిసారి 0.529 అంటుంది, తీసి మళ్ళీ పెడితే 0.533 అంటుంది, మూడోసారికి 0.526 అంటుంది. పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు కూడా కాసేపటికి సున్నాను వదిలి 0.002 దగ్గర నిలబడుతుంది. అమ్మినవారిని అడిగితే క్యాలిబ్రేషన్ చేసుకోమని చెప్పి చేతులు దులుపుకున్నారు. వారు ఇచ్చిన 50 గ్రాముల రాయితోనే అదీ చేశాను, ఫలితం మారలేదు.

ఒకే డబ్బాలోని పెల్లెట్ల మధ్య తేడాయే అయిదారు మిల్లీగ్రాములు ఉండవచ్చని అంటున్నారు. త్రాసే ఏడు మిల్లీగ్రాములు అటూ ఇటూ ఊగుతుంటే నేను ఏరుతున్నది పెల్లెట్లనా, త్రాసు గారి మనసులోని మాటనా అన్నది తేలడం లేదు. ఇంతకంటే ఖరీదైనది కొనాలా, దీన్నే దారికి తెచ్చుకునే ఉపాయం ఉందా అన్నది అనుభవజ్ఞులు చెప్పాలి.

పలమనేరు_పిల్లోడు

ఫ్యాను ఆపి తూచారా?

పాకాల_గురి

ఆపలేదు. మే నెల తిరుపతిలో ఫ్యాను ఆపి కూర్చుంటే పెల్లెట్ మీద చెమట బొట్టు పడి అది కూడా తూకంలోకి వస్తుంది.

కాణిపాకం_కుర్రాడు

ఫ్యాను గాలిలో పెట్టిన మిల్లీగ్రాముల త్రాసును మా వినాయకుడి ఎదుట నిలబెట్టి ప్రమాణం చేయించినా అది నిజం చెప్పదు.

త్రాసుముల్లు

చిత్తూరులో మాది తరతరాలుగా బంగారం పని. పై కుర్రాడు నవ్వులాటకు అన్నా, మాట సరైనదే. ఫ్యాను గాలి పళ్ళేన్ని నొక్కుతుంది, లేపుతుంది. మూత ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే చవక త్రాసుల మూత చుట్టూ సందులు ఉంటాయి. గాలి తర్వాత చూడవలసింది త్రాసు కింద ఉన్న బల్ల. ప్లైవుడ్ బల్ల మీద మోచేయి ఆనిస్తేనే అంకె కదులుతుంది. మా ఇంట్లో గోడలోకి దింపిన కడప బండ అరమీద త్రాసు ఉంటుంది, దాని మీద ఇంకేమీ పెట్టము, ఎవరూ చేయి ఆనించరు. మీ ఇంటి వంటగదిలో కూడా అటువంటి అర ఉండే ఉంటుంది, వంట లేని వేళ అక్కడ పెట్టి చూడండి. త్రాసుకు మట్టం చూపే బుడగ ఉంటే అది వలయం మధ్యకు వచ్చేదాకా కాళ్ళు తిప్పండి. స్విచ్ వేసిన వెంటనే తూచవద్దు, కనీసం అరగంట వెలిగించి ఉంచండి. ఖాళీ పళ్ళెం 0.002కు జారుతోందన్నారు కదా, వేడెక్కని త్రాసు చేసే పని అదే.

క్యాలిబ్రేషన్ గురించి ఒక మాట. 50 గ్రాముల రాయిని పెట్టి బొత్తాం నొక్కినప్పుడు త్రాసు నేర్చుకునేది ఆ రాయి 50 గ్రాములని మాత్రమే. ఊగిసలాటను అది తగ్గించదు. పైగా డబ్బాలో ఉచితంగా వచ్చే మెరుగు రాయి ఏ ఖచ్చితత్వపు తరగతిదో ఎక్కడా రాసి ఉండదు. 50 గ్రాముల రాయికి ఎం1 తరగతిలో 3 మిల్లీగ్రాముల వరకు, ఎఫ్2లో 1 మిల్లీగ్రాము వరకు, ఎఫ్1లో 0.3 మిల్లీగ్రాము వరకు తేడాను అనుమతిస్తారు. తరగతి లేని రాయికి ఇటువంటి హద్దు ఏదీ లేదు. రాయిని వేళ్ళతో పట్టుకుంటే చేతి జిడ్డు కూడా తూకమే అవుతుంది కాబట్టి చిమటాతో పట్టుకోవాలి.

మా తాత గురిగింజలతో తూచేవాడు. ఒక్కో గింజ ఉజ్జాయింపుగా 0.12 గ్రాము ఉంటుంది కానీ ఏ రెండు గింజలూ ఒక్కలా ఉండవు, అందుకే ముందుగా గింజలనే ఒకదానితో ఒకటి తూచి సమానమైనవాటిని ఏరి చిన్న సంచిలో దాచుకునేవాడు. మీ అమ్మాయి పెల్లెట్ల సంగతి వింటే ఆయనకు కొత్తగా ఏమీ అనిపించదు.

సందేహాలరావు

నా దగ్గర కూడా ఇటువంటి త్రాసే ఉంది కానీ అది ఊగడం లేదు. సమస్య ఏమిటంటే ప్రతి పెల్లెట్‌నూ 2.65 దగ్గర చూపుతోంది, డబ్బా మీద మాత్రం 0.53 అని ఉంది. నాకు బరువైన సరుకు తగిలిందంటారా?

త్రాసుముల్లు

0.53ను 0.2తో భాగించి చూడండి. మీ త్రాసు క్యారెట్లలో ఉంది. మీ ఇంట్లో ఎవరో వజ్రం తూచబోయి వదిలేశారు.

సందేహాలరావు

వజ్రం ఉంటే ఈ వేదికలో పెల్లెట్ల గురించి ఎందుకు అడుగుతాను? బొత్తాం నొక్కగానే 8.18 అయింది, ఇంకోసారి నొక్కితే గ్రాములకు వచ్చింది. ఆ మధ్యలోది ఏమిటి?

పుంగనూరు_ప్రవాసి

అది గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు. నేనున్న అమెరికాలో తుపాకీ మందును, తూటాను, పెల్లెట్‌ను అన్నింటినీ అందులోనే తూస్తారు. మీది సరదాగా ముగిసింది కానీ తూటాలు సొంతంగా నింపుకునేవారికి ఆ బొత్తాం ప్రాణాంతకమైనది, కొలమానం పొరబడితే మందు ఎక్కువ పడిపోతుంది. తూకం మొదలుపెట్టే ముందు కొలమానం ఏదో చూసుకోవడం, బరువు తెలిసిన రాయి ఒకటి పెట్టి సరిచూసుకోవడం వారికి మొదటి నియమం. విషయం పెద్దది, తీరిక చూసుకుని విడిగా రాస్తాను.

ప్రయోగశాల_శారద

కళాశాల రసాయన ప్రయోగశాలలో త్రాసులను చూసుకోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. త్రాసుముల్లు గారు చెప్పిన జాగ్రత్తలన్నీ పాటించవలసినవే, కానీ అవన్నీ పాటించాక కూడా ఈ త్రాసు మిల్లీగ్రామును నిజంగా పట్టుకుంటుందని అనుకోకూడదు. తెర మీద ఎన్ని అంకెలు కనిపిస్తాయన్నది ఒక సంగతి, ఒకే వస్తువును పదేపదే పెట్టినప్పుడు ఎంత దగ్గరగా అదే అంకె వస్తుందన్నది వేరొక సంగతి, ఆ అంకె అసలు బరువుకు ఎంత దగ్గరన్నది మూడో సంగతి. పెల్లెట్లను ఏరడానికి మీకు కావలసింది రెండోది మాత్రమే. అన్ని పెల్లెట్లనూ త్రాసు ఒకే రీతిగా రెండు మిల్లీగ్రాములు ఎక్కువ చూపినా మీ ఏరుడుకు నష్టం లేదు.

50 గ్రాములను 0.001 గ్రాము మెట్లుగా విడదీస్తే 50,000 మెట్లు అవుతాయి. చవక త్రాసులో ఉండేది వంగే లోహపు కమ్మీ, దానికి అంటించిన సన్నని విద్యుత్ తీగల అల్లిక. ఇంత సన్నని మెట్లను అది నిలకడగా విడదీయడం కష్టం. మా ప్రయోగశాల త్రాసుల్లో బరువును విద్యుదయస్కాంత బలంతో నిలబెట్టి, అందుకు ఎంత విద్యుత్తు కావలసి వచ్చిందో కొలుస్తారు. ఖరీదులోని తేడా అక్కడిది.

ఇంకొక తిరకాసు ఉంది. చాలా త్రాసులు సున్నా దగ్గర చిన్న చిన్న మార్పులను తమంతట తామే సున్నాగా దిద్దుకుంటాయి. అది జారుడును కప్పిపుచ్చడానికి పెట్టిన ఏర్పాటు. తేలికైన వస్తువును, ముఖ్యంగా కొద్దికొద్దిగా పోసే పొడిని తూచేటప్పుడు త్రాసు అసలు బరువులోనే కొంత మింగేస్తుంది. దీనికి విరుగుడు చాలా సులభం. 10 లేదా 20 గ్రాముల రాయిని పళ్ళెంలోనే ఉంచండి, సున్నా బొత్తాం నొక్కవద్దు, దాని మీద పెల్లెట్ పెట్టి మొత్తం అంకె చదవండి. 20.000 కాస్తా 20.530 అయితే పెల్లెట్ 0.530. త్రాసు సున్నాకు దూరంగా ఉంటుంది కాబట్టి దిద్దుబాటు జోలికి పోదు. పెల్లెట్‌ను ప్రతిసారీ పళ్ళెం నడిమధ్యనే పెట్టండి, అంచున పెడితే అంకె మారుతుంది.

ముందు ఒకే పెల్లెట్‌ను ఇరవై సార్లు తీసి పెట్టి అంకెలు రాసుకోండి. అతి పెద్ద అంకెకూ అతి చిన్న అంకెకూ మధ్య దూరం ఎంతో అదే మీ త్రాసు అసలు శక్తి. అంతకంటే సన్నని తేడాతో ఏరడం వృథా.

పాకాల_గురి

ఇరవై సార్ల పరీక్ష ఈ ఆదివారం చేస్తాను. రాయి మీద పెల్లెట్ పెట్టి తూచే ఉపాయం నాకు తట్టనే లేదు.

పది_పాయింట్_తొమ్మిది

పిల్లలకు శిక్షణ ఇచ్చేవాడిని కనుక నా మాట కొంచెం చేదుగా ఉండవచ్చు. 10 మీటర్ల పోటీకి పెల్లెట్లను తూచడం దాదాపుగా కాలక్షేపం. లెక్క చూడండి. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 172 మీటర్ల వేగంతో వెళ్తే 10 మీటర్లు దాటడానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో భూమి దాన్ని సుమారు 16.5 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. పెల్లెట్ 5 మిల్లీగ్రాములు, అంటే సుమారు ఒక శాతం బరువెక్కువైతే, రైఫిల్ ఇచ్చే శక్తి అంతే కాబట్టి వేగం అర శాతం తగ్గుతుంది, పతనం ఒక శాతం పెరుగుతుంది. అంటే 0.16 మిల్లీమీటర్లు. లక్ష్యంపై దశాంశంలో ఒక మెట్టు, అనగా 0.1 పాయింటు, 0.25 మిల్లీమీటర్లు. అయిదు మిల్లీగ్రాముల తేడాతో ఒక్క మెట్టు కూడా పూర్తిగా దాటడం లేదు.

తూకానికి పెట్టే ఆ సమయంలో పెల్లెట్ పావడా (వెనుక వైపు పల్చటి అంచు) నొక్కుకుపోయిందేమో చూడండి, తల కొలత ఏదో పరీక్షించండి. ఒకే రకం పెల్లెట్లు 4.49, 4.50 మిల్లీమీటర్లు అంటూ వేర్వేరు తల కొలతల్లో దొరుకుతాయి. రైఫిల్‌ను బిగించి ఒక్కో కొలతతో పదేసి గుండ్లు కొట్టి, ఏ కొలతకు రంధ్రం చిన్నదిగా వస్తుందో ఆ గొట్టానికి అదే వాడాలి. పెద్ద స్థాయి ఆటగాళ్ళు చేసేది ఇదే.

తిరుచానూరు_తేజ

మీ లెక్కను మీ మీదికే తిప్పుతున్నాను. ఎయిర్ రైఫిల్ అర్హత పోటీలో 2013 నుంచి దశాంశాలను కూడా లెక్కిస్తున్నారు. 60 గుండ్లకు ఒక్కో దానిలో 0.1 చొప్పున పోయినా మొత్తం 6 పాయింట్లు. అర పాయింటు తేడాతో ఫైనల్ పోగొట్టుకున్నవారు ఉండగా 6 పాయింట్లను కాలక్షేపం అనడం న్యాయం కాదు.

పది_పాయింట్_తొమ్మిది

60 గుండ్లూ కిందికే పడితే మీరు చెప్పింది నిజం, కానీ అప్పుడు సైటు ఒక క్లిక్కు పైకి తిప్పితే చాలు, ఆ 6 పాయింట్లు తిరిగి వస్తాయి. తూకపు తేడా కొన్నింటిని పైకి, కొన్నింటిని కిందికి వేస్తుంది. కింద పడవలసిన గుండు బరువు తక్కువై పదిలో పడడం కూడా జరుగుతుంది. నష్టాలను మాత్రమే లెక్కవేసి లాభాలను వదిలేయకూడదు.

తిరుచానూరు_తేజ

అయినా నష్టం సున్నా కాదు కదా?

ప్రయోగశాల_శారద

సున్నా కాదు, కానీ ఎంతో చూస్తే ఆశ్చర్యపోతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పొరపాట్లు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడుతాయి. నేర్చుకుంటున్న అమ్మాయి చేతి కదలిక వల్ల గుండ్లు నిలువుగా 1.5 మిల్లీమీటర్ల ప్రామాణిక విచలనంతో చెదురుతున్నాయని అనుకుందాం. తూకం వల్ల వచ్చేది 0.16 అనుకుందాం. 1.5 వర్గం 2.25, 0.16 వర్గం 0.0256. రెండూ కలిపి వర్గమూలం తీస్తే 1.5085. అంటే పెల్లెట్లన్నీ తూచి తూచి తేడాను పూర్తిగా తుడిచేసినా మీకు మిగిలేది ఒక మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువ. పెద్ద పొరపాటు పక్కన చిన్న పొరపాటు కనబడకుండా పోతుంది.

పలమనేరు_పిల్లోడు

పదో తరగతిలో మా లెక్కల మాస్టారు పైథాగరస్‌ను ఇలా చెప్పి ఉంటే నేను కూడా పెల్లెట్లు కొనుక్కునేవాడిని.

పుంగనూరు_ప్రవాసి

ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. న్యూ మెక్సికోలోని రేటాన్ దగ్గర విట్టింగ్టన్ కేంద్రంలో 1000 గజాల పోటీలకు వెళ్తుంటాను. ఇక్కడ తూటా నింపుకోవడం చట్టసమ్మతమైన అలవాటు, దూరపు పోటీలకు వచ్చేవారిలో చాలామంది తమ తూటాలు తామే నింపుకుంటారు. మందు ఎంత పోయాలన్నది తయారీదారు అచ్చువేసిన పట్టికలను బట్టి నిర్ణయమవుతుంది, దానితో ఎవరూ ఆడుకోరు. నేను చెప్పబోయేది ఆ నిర్ణయించిన కొలతను ప్రతి తూటాలోనూ ఒకేలా ఎలా పోస్తారన్నది మాత్రమే.

పాత పద్ధతి కొలత గిన్నెది. పిడి తిప్పితే దానిలోని చిన్న గదిలో పట్టినంత మందు కిందికి జారుతుంది, అంటే అది బరువును కాదు, ఘనపరిమాణాన్ని కొలుస్తుంది. గుండ్రటి సన్న గింజల మందును అది బాగానే కొలుస్తుంది. పొడుగు కడ్డీల్లా కత్తిరించిన మందు మాత్రం గది అంచున చిక్కుకుని తెగుతుంది, ఒకసారి గుల్లగా, ఒకసారి దట్టంగా పడుతుంది. అందుకని దూరపు పోటీలవారు కావలసిన దానికంటే కొంచెం తక్కువ గిన్నెతో పోసి, మిగిలినది వేళ్ళతో తిప్పే సన్నని గొట్టం నుంచి ఒక్కో గింజ రాలుస్తూ త్రాసు మీద పూర్తి చేస్తారు. ఆ గొట్టం తిప్పేటప్పుడు చివరి రెండు మూడు గింజలు పడే తీరును ఊపిరి బిగబట్టి చూడడం అలవాటైపోతుంది. కడ్డీ గింజ ఒక్కటి సుమారు 0.02 గ్రెయిన్లు, అంటే 1.3 మిల్లీగ్రాములు.

సరిగ్గా ఇక్కడే శారద గారు చెప్పిన తిరకాసు ఎదురవుతుంది. మందును గింజగింజగా రాలుస్తుంటే మామూలు త్రాసు మార్పును గుర్తించక అదే అంకె మీద నిలిచిపోతుంది, నాలుగు గింజలు పడ్డాక ఒక్కసారిగా దూకుతుంది. పళ్ళేన్ని ఎత్తి తిరిగి పెడితే అసలు బరువు బయటపడుతుంది. అందుకే ఇక్కడ చాలామంది దండె త్రాసునే నమ్మేవారు, కొందరు ఇప్పటికీ నమ్ముతారు. 0.1 గ్రెయిన్ చూపే దండె త్రాసు ముల్లును కంటికి ఎదురుగా, ఒకే ఎత్తులో పెట్టుకుని చూస్తే అంతకంటే సన్నని తేడా కూడా కనిపెట్టవచ్చు. డబ్బు పెట్టగలిగినవారు విద్యుదయస్కాంత త్రాసు కొని, దానికి గింజలు తానే రాల్చి తానే ఆగే యంత్రాన్ని తగిలించుకుంటున్నారు.

వేదిక_నిర్వాహకుడు

ప్రవాసి గారి వివరణ విలువైనదే కానీ చదువుతున్న కుర్రవాళ్ళ కోసం ఒక గమనిక. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద నేరం. మందు కొలతలు, మిశ్రమాలు ఈ వేదికలో అడగవద్దు, అడిగిన టపాలను తొలగిస్తాము. శేషాచలం అంచు పల్లెల్లో పందుల బెడదకు నాటు తుపాకులు పెట్టుకుని కేసుల్లో ఇరుక్కున్నవారి కథలు ఇక్కడ అందరికీ తెలిసినవే. గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు దాటని ఎయిర్ రైఫిల్‌కు మాత్రం 2016 ఆయుధాల నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు కాబట్టి పెల్లెట్ల చర్చ నిశ్చింతగా సాగించవచ్చు.

కాణిపాకం_కుర్రాడు

పెల్లెట్ తూకానికి లైసెన్సు లేకపోయినా ఓపిక మాత్రం తప్పనిసరి అని నియమాల్లో చేర్చవలసింది.

తిరుచానూరు_తేజ

ప్రవాసి గారిని ఒక ప్రశ్న అడుగుతాను. పెల్లెట్ తూకం వృథా అని శారద గారి వర్గాల లెక్క తేల్చింది కదా, మరి మీరు గింజగింజ రాల్చుకోవడం కూడా వృథాయేనా?

పుంగనూరు_ప్రవాసి

వృథా కాదు, అలాగని అందరూ అనుకున్నంత లాభమూ లేదు. మా రైఫిల్‌లో తూటా వేగం ఒక్కో గుండుకు సెకనుకు 8 అడుగుల ప్రామాణిక విచలనంతో మారుతోందని వేగమాపకం చూపిందనుకోండి. త్రాసు 0.1 గ్రెయిన్ అటూ ఇటూ పొరబడితే .308 (గుండు వ్యాసం అంగుళాల్లో) వంటి తూటాలో దాని వాటా సుమారు 3 అడుగులు. 8 వర్గం 64, 3 వర్గం 9, తీసేస్తే 55, వర్గమూలం 7.4. ఎంతో ఖర్చు పెట్టి కొన్న త్రాసుతో 8 కాస్తా 7.4 అయింది. మిగిలినదంతా నిప్పుటోపీ (మందును అంటించే భాగం)లోని తేడా, మందు నింపే లోహపు తొడుగు మెడ గుండును పట్టుకునే బిగువు, తొడుగు లోపలి చోటు, ఇటువంటివి. వీటిని వదిలేసి త్రాసు మీద పడేవారిని ప్రతి పోటీలోనూ చూస్తుంటాను.

కానీ దూరం అన్నింటినీ పెంచుతుంది. 1000 గజాల వద్ద వేగంలో 10 అడుగుల తేడా వస్తే గుండు సుమారు 3 నుంచి 4 అంగుళాలు పైకో కిందికో పోతుంది. అక్కడి ఎఫ్-క్లాస్ (రైఫిల్‌ను ఆనించి కొట్టే దూరపు పోటీ) లక్ష్యంలో పది వలయం వ్యాసం 10 అంగుళాలు, లోపలి ఎక్స్ వలయం 5 అంగుళాలు. ఇక్కడ వేగం సంగతి తేలికగా తీసుకుంటే ఎక్స్ దొరకదు. పోతే 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ (బల్ల మీద రైఫిల్ ఆనించి కొట్టే) పోటీల్లో గెలిచేవారిలో చాలామంది మైదానంలోనే గిన్నెతో పోసుకుంటారు, త్రాసు జోలికే పోరు. దగ్గరి దూరంలో వేగపు తేడా పైకి కనబడేలోపే గుండు కాగితాన్ని చేరుతుంది.

పది_పాయింట్_తొమ్మిది

అదే పెల్లెట్‌ను 50 మీటర్లకు కొట్టి చూడండి, ప్రవాసి గారి మాట మనకూ వర్తిస్తుంది. కొంచెం బలమైన రైఫిల్‌తో 50 మీటర్లలో పతనం సుమారు 28 సెంటీమీటర్లు ఉంటే, ఒక శాతం బరువు తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ దూరానికి తూచవద్దని నేను చెప్పను. తూచేది ఏ దూరానికి అన్నది చూసుకోవాలి.

సందేహాలరావు

క్యారెట్ల గొడవ తర్వాత త్రాసు మీద అనుమానం పట్టుకుంది. మా బావ ఢిల్లీలో సరిచేసుకున్న త్రాసునే నాకు పంపాడు. భూమి ఆకర్షణ ఊరుకో తీరుగా ఉంటుందట కదా, ఇక్కడ తప్పు చూపుతుందా? దాన్నే తిరుమలకు తీసుకుపోతే కొండ మీద పెల్లెట్ తేలికవుతుందా?

ప్రయోగశాల_శారద

అవుతుంది, కానీ మీరు భయపడినంత కాదు. ఢిల్లీలో గురుత్వ త్వరణం 9.791 దగ్గర, తిరుపతిలో 9.783 దగ్గర ఉంటుంది. తేడా 0.08 శాతం. 100 గ్రాముల రాయి మీద అది సుమారు 80 మిల్లీగ్రాములు కాబట్టి బంగారానికి పెద్ద మాటే. పెల్లెట్ మీద అర మిల్లీగ్రాము లోపే. పైగా అన్ని పెల్లెట్లకూ ఒకేలా వర్తిస్తుంది కాబట్టి ఏరుడు చెడదు. ఇక్కడికి తెచ్చాక రాయితో ఒకసారి సరిచేసుకుంటే అదీ పోతుంది. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్లు ఎక్కుతాము, ఆ తేడా ఇంకా తక్కువ.

త్రాసుముల్లు

ఇంకొక సంగతి. తిరుమలలో తులాభారం వేసే తక్కెడకు ఈ దిగులే లేదు. రెండు పళ్ళేలనూ భూమి ఒకే తీరుగా లాగుతుంది, బిడ్డ ఒకవైపు, బెల్లమో చక్కెరో మరోవైపు, ఢిల్లీలో వేసినా కొండ మీద వేసినా ముల్లు అక్కడే నిలుస్తుంది. రెండు బరువులను పోల్చేది తక్కెడ, ఒక బరువు నొక్కుడును అంకెగా మార్చేది డిజిటల్ త్రాసు. అందుకే నా దగ్గర దండె త్రాసు ఇప్పటికీ ఉంది. కరెంటు పోయినా పని ఆగదు.

ప్రయోగశాల_శారద

ఈ ఒక్క విషయంలో విభేదిస్తాను. దండె త్రాసు సిద్ధాంతం గొప్పదే కానీ దాని దండె ఆని ఊగే కత్తిలాంటి అంచు ఒకసారి అరిగినా, పీఠంలో దుమ్ము పడినా ముల్లు అదే చోట నిలుస్తున్నట్టు కనిపిస్తూ లోపల బిగుసుకుంటుంది. డిజిటల్ త్రాసు కనీసం ఊగి తన బలహీనతను చెబుతుంది. దండె త్రాసు చెప్పకుండానే మోసం చేస్తుంది.

త్రాసుముల్లు

అమ్మా, అది దుమ్ము తుడవనివారి త్రాసు సంగతి. నా త్రాసు ఉదయం తుడవకుండా తూకం మొదలుపెట్టను. అయినా మీరు చెప్పిందీ కాదనను, ఖాతాదారుకు బంగారం తూచేది ముద్ర ఉన్న డిజిటల్ త్రాసు మీదే. తూనికలు కొలతల శాఖవారి చేత దానికి ఏటా మళ్ళీ ముద్ర వేయించాలి. ఇంట్లో పెల్లెట్లు తూచుకునే త్రాసుకు ఆ ముద్ర అవసరం లేదు.

పాకాల_గురి

ఆదివారం పరీక్ష జరిగింది. ఫ్యాను ఆపి, తెల్లవారుజామున, వంటగది కడప బండ మీద, అరగంట వెలిగించి ఉంచి చేశాను. మొదట ఉట్టి పళ్ళెంతో ఇరవై సార్లు తూచితే అతి పెద్ద, అతి చిన్న అంకెల మధ్య దూరం 4 మిల్లీగ్రాములు. 20 గ్రాముల రాయిని కింద ఉంచి మొత్తం అంకె చదివితే 2 మిల్లీగ్రాములు. ఊగుడు 7 నుంచి 2కు దిగింది. మధ్యలో మా ఆవిడ ఫ్రిజ్ తలుపు వేసినప్పుడు మాత్రం అంకె ఎగిరింది, దాన్ని కొట్టివేశాను.

తర్వాత అమ్మాయి డబ్బాలోంచి కొన్ని తూచితే ఎక్కువ భాగం 0.528 నుంచి 0.533 మధ్యనే ఉన్నాయి. విడిగా 0.521 ఒకటి దొరికింది. దాన్ని వెలుతురులో చూస్తే పావడా అంచున చిన్న ముక్క తెగిపోయి ఉంది.

పది_పాయింట్_తొమ్మిది

తూకం వల్ల నిజంగా దొరికే లాభం అదే. 2 మిల్లీగ్రాములు ఊగే త్రాసుతో 0.529 ఒక డబ్బా, 0.530 ఒక డబ్బా అంటూ వేరు చేయడంలో అర్థం లేదు. గుంపుకు దూరంగా పడిన దాన్ని పక్కన పెట్టడానికి మీ త్రాసు చాలు. ఆ 0.521ను కంటితోనే పట్టుకోవచ్చు కూడా, అమ్మాయికి ప్రతి పెల్లెట్‌నూ వేలి మీద తిప్పి చూసి పెట్టే అలవాటు చేయండి. కొత్త త్రాసుకు పెట్టే డబ్బుతో రెండు మూడు తల కొలతల డబ్బాలు కొనండి.

తిరుచానూరు_తేజ

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. పోటీ రోజున అన్నీ తూచిన పెల్లెట్లేనన్న ధీమా అమ్మాయికి ఉంటుంది కదా. ఆ ధీమాకు వర్గమూలం తీయడం కుదరదు.

పది_పాయింట్_తొమ్మిది

ఆ మాటకు నా దగ్గర లెక్క లేదు. ధీమా కోసమైతే పోటీకి కావలసిన 60, సరిచూసుకునే గుండ్లకు ఇంకొన్ని తూచి విడిగా పెట్టమనండి. 500 పెల్లెట్ల డబ్బా మొత్తం తూచాలంటే ఒక్కోదానికి 15 సెకన్లు వేసుకున్నా రెండు గంటలు దాటుతుంది, ఆ రెండు గంటలు ఖాళీ రైఫిల్ పట్టుకుని నిలబడితే ఎక్కువ లాభం.

ప్రయోగశాల_శారద

ఒక్క జాగ్రత్త ఎవరూ చెప్పలేదు. పెల్లెట్లు సీసంతో చేసినవి. తూచిన చేతులతో ఏమీ తినకూడదు, సబ్బుతో కడుక్కోవాలి. వంటగది బండ మీద తూచారు కనుక ఆ చోటును తడిబట్టతో తుడిచి, ఆ బట్టను వంట పనికి వాడకుండా పక్కన పెట్టండి. వీలైతే ఇకమీదట వేరే బండ చూసుకోండి.

పాకాల_గురి

బండ అప్పుడే కడిగించాను, ఆ సంగతి మీకంటే ముందు మా ఆవిడ చెప్పింది. కొత్త త్రాసు కొనడం లేదు. 4.49, 4.50 డబ్బాలు తెప్పిస్తున్నాను, అవి వచ్చాక రైఫిల్ బిగించి కొట్టిన కాగితాల ఫొటోలు ఇక్కడే పెడతాను. త్రాసుముల్లు గారూ, ఎఫ్2 తరగతి 20 గ్రాముల రాయి ఒకటే విడిగా దొరుకుతుందా, పెట్టె మొత్తం కొనాలా?

త్రాసుముల్లు

విడిగానే దొరుకుతుంది. ధ్రువపత్రం ఇచ్చేవారి దగ్గరే కొనండి, రాయి నంబరూ పత్రంలోని నంబరూ ఒకటేనేమో అక్కడే చూసుకోండి. అది వచ్చేలోపు చిత్తూరు వైపు వస్తే మీ రాయిని తీసుకురండి, నా త్రాసు మీద పెట్టి అసలు బరువు ఎంతో చీటీ మీద రాసిస్తాను.